కనబడని అక్షరం, కనబడని వంతు

విజయవాడ సూర్యారావుపేటలో మా స్నేహితుడి కుటుంబానికి ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. మూడేళ్ల క్రితం ఒక సాయంత్రం, గుంటూరు బస్సు ఎక్కే ముందు అక్కడ ఆగినప్పుడు, డీటీపీ చేసే పెద్దాయన ఒక ప్రూఫు కాగితం తెచ్చి నా ముందు పెట్టి, “ఏవండీ, మీరు సాఫ్ట్‌వేర్ వాళ్లు కదా, ఇదేమిటో కాస్త చూడండి” అన్నారు. కాగితం నిండా ఎర్ర సిరా గుర్తులున్నాయి, అన్నీ ఒకే రకం తప్పుకు పెట్టినవి. రచయిత పంపిన వర్డ్ ఫైలులో “సాఫ్ట్‌వేర్” అని ఉన్నది ప్రూఫులో “సాఫ్ట్వేర్” అయింది. “ఫేస్‌బుక్” కాస్తా “ఫేస్బుక్” అయింది. అంకితం పేజీలోని “రాజ్‌కుమార్” గారు “రాజ్కుమార్” అయ్యారు, అదే ఆ రచయితకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించిందట.

రచయితలు పంపే వర్డ్ ఫైళ్లను పేజ్ మేకప్‌కు అనువైన సాదా పాఠంగా మార్చడానికి ఆ ప్రెస్సులో ఒక ఓపెన్‌సోర్స్ పనిముట్టు (దాని కోడ్ ఎవరైనా చూడవచ్చు, దిద్దవచ్చు) వాడుతున్నారు. దాన్ని అక్కడ పెట్టించింది నేనే కనుక తప్పు వెతికే బాధ్యత కూడా నాదే అయింది. తెలుగులో పొల్లు తర్వాత వచ్చే హల్లు దానంతటదే ఒత్తుగా మారిపోతుంది. అలా మారకుండా పొల్లును పొల్లుగానే నిలబెట్టాలంటే ఆ రెంటి మధ్య వెడల్పు లేని, కంటికి కనబడని ఒక అక్షరాన్ని ఉంచాలి. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. యూనికోడ్ దాన్ని “ఫార్మాట్” అనే వర్గంలో చేర్చింది. కొన్ని ఫైళ్ల మొదట్లో వచ్చి కూర్చునే బైట్ ఆర్డర్ మార్కు అనే గుర్తు కూడా ఆ వర్గంలోనిదే. ఈ పనిముట్టు రాసినవారు ఆ గుర్తును వదిలించుకోవడానికి వర్గం మొత్తాన్ని తుడిచేశారు, అంటే పొట్టుతో పాటు గింజలు కూడా చేటలోంచి బయటికి పోయాయి.

దీనికి కావలసిన సవరణ రెండు వరుసల కోడ్. ఆ రెండు వరుసలు ప్రాజెక్టులో చేరడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలల్లో ఎవరూ సోమరిగా లేరు, ఎవరూ దురుసుగా మాట్లాడలేదు, ఎవరికీ ఆ పని చేయకూడదన్న ఉద్దేశం లేదు. అయినా పని ఆగింది. ఎక్కడ ఆగిందో తర్వాత తీరిగ్గా వెనక్కి తిరిగి చూసుకున్నప్పుడు, బగ్ ట్రాకర్లూ (తప్పుల జాబితా ఉంచే చోట్లు), ప్యాచ్ రివ్యూ పనిముట్లూ (పంపిన సవరణను మరొకరు చూసి సరేననే చోట్లు) ఏవి చూపిస్తాయో, ఏవి చూపించవో నాకు కొంత అర్థమైంది. ఆ ప్రాజెక్టు పేరు ఇక్కడ చెప్పడం లేదు. దాన్ని నడిపేది ఇద్దరే, అదీ ఉద్యోగాలు చేసుకుంటూ మిగిలిన వేళల్లో. పైగా ఆలస్యంలో సగం నాదే.

మొదట నా తప్పు చెబుతాను. నేను పెట్టిన బగ్ శీర్షిక “తెలుగు అక్షరాలు విరిగిపోతున్నాయి” అన్న అర్థంలో ఉంది. కింద రెండు స్క్రీన్‌షాట్లు పెట్టాను, ముందుదీ తర్వాతదీ. తెలుగు చదవగలిగిన మనిషికి ఆ రెండు బొమ్మల మధ్య తేడా గుండెలో గుచ్చుకున్నట్టు కనబడుతుంది కానీ, తెలుగు రాని మనిషికి అవి రెండూ ఒకే రకమైన ముగ్గులు. అది చాలదన్నట్టు నేను ఎంచుకున్న ఉదాహరణ కూడా తప్పుదే. “కంప్యూటర్‌లో” అన్నది “కంప్యూటర్లో” అయిపోతోందని రాశాను. కానీ “కంప్యూటర్లో” అని రాసేవారు మనలో కావలసినంతమంది ఉన్నారు, అది తప్పేమీ కాదు. ఒక నిర్వాహకుడు శ్రమపడి ఇంటర్నెట్‌లో వెతికి, రెండు రూపాలూ వాడుకలో ఉన్నట్టున్నాయే, ఇందులో దోషం ఏమిటని అడిగారు. అడగడం న్యాయమే.

ఆటోనగర్‌లో లారీ మెకానిక్ దగ్గరికి వెళ్లి “బండి సరిగ్గా లేదు” అంటే ఆయన చేతిలోని పానా కింద పెట్టడు. శబ్దం ఎప్పుడొస్తోంది, ఇంజను చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, లోడు మీదా ఖాళీగానా, గేరు మార్చేటప్పుడా బ్రేకు వేసేటప్పుడా అని వరసగా అడుగుతాడు. బగ్ ట్రాకర్ ఫారం చేయవలసింది ఈ విచారణే. నేను నింపిన ఫారం మాత్రం ఆపరేటింగ్ సిస్టం ఏమిటి, వెర్షన్ ఎంత, ఇంతకుముందు ఎవరైనా ఇదే బగ్ పెట్టారేమో వెతికారా అన్నవి అడిగింది. ఇచ్చిన పాఠం ఏమిటి, రావలసింది ఏమిటి, వచ్చింది ఏమిటి అని విడివిడిగా మూడు గళ్లు ఇచ్చి, వాటిలో అతికించిన పాఠంలోని యూనికోడ్ సంఖ్యలను తానే పక్కన రాసి చూపి ఉంటే, తెలుగు రాని మనిషికి కూడా మొదటి వరుసలో 200సి ఉందనీ రెండో వరుసలో లేదనీ ఒక్క చూపులో తెలిసిపోయేది. పాఠంతో వ్యవహరించే ప్రాజెక్టుల ట్రాకర్లలో ఇది ఉండాలని నా అభిప్రాయం. రాయడానికి ఒక మధ్యాహ్నం చాలు, కన్నడం నుంచి పర్షియన్ దాకా కనబడని అక్షరాల మీద ఆధారపడే లిపులన్నిటికీ పనికొస్తుంది.

నేను ఉదాహరణ మార్చి, సంఖ్యలతో సహా తిరిగి రాయవలసి ఉండగా రాయలేదు. ఆ ప్రశ్న వచ్చిన సంగతే నాకు తెలియలేదు. ఆ వారం నా మెయిల్‌లో అలాంటి నోటిఫికేషన్లు వందల్లో ఉన్నాయి. ఎవరో బొటనవేలు గుర్తు పెట్టారని ఒకటి, ఎవరో లేబుల్ మార్చారని ఒకటి, నేను ఎప్పుడో ఒకసారి వ్యాఖ్యానించిన పాపానికి ఇంకో ప్రాజెక్టు నుంచి ముప్ఫై. “మిమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు, మీరు చెబితే తప్ప ఇది ముందుకు కదలదు” అన్న మెయిల్ కూడా వాటి మధ్య అదే అక్షరాల్లో, అదే రంగులో పడి ఉంది. ఇక్కడ నేను నిర్వాహకుడి కోసం చూస్తున్నాను, అక్కడ ఆయన నా కోసం చూస్తున్నారు. బయటివాడు ఆ పేజీ తెరిస్తే “ఓపెన్” అన్న ఆకుపచ్చ గుర్తు ఒక్కటే కనబడుతుంది.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడ ఉంది. మన ట్రాకర్లలో చాలావరకు ఒక పని తెరిచి ఉందా మూసి ఉందా అన్నదే చెబుతాయి, ఇప్పుడు వంతు ఎవరిది అన్నది చెప్పవు. పని ఎందుకు ఆగిందో తెలియాలంటే ఆ రెండోదే ముందు తెలియాలి.

ఈ సంగతి పాతవారికి తెలియక కాదు. 1998లో, ఈ రోజు ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మోజిల్లా కోసం టెర్రీ వైస్‌మన్ మొదట టికిల్ భాషలో రాయగా ఆపైన పెర్ల్‌లోకి మారిన బగ్‌జిల్లా అనే ట్రాకర్‌ను ఈ రోజు చూస్తే నలభై గళ్ల ప్రభుత్వ దరఖాస్తులా ఉంటుందని కుర్రవాళ్లు నవ్వుతారు. కానీ మోజిల్లా వారు దానిలో “నీడ్‌ఇన్‌ఫో” అనే జెండా ఒకటి పెట్టుకున్నారు. ఎవరినుంచి సమాచారం కావాలో వారి పేరు మీద ఆ జెండా ఎగరేస్తే, వారు జవాబిచ్చేదాకా అది దిగదు, ఎవరి మీద ఎన్ని జెండాలున్నాయో వారికి విడిగా కనబడుతుంది. 1990ల నుంచి పూర్తిగా ఈమెయిల్ మీద నడుస్తున్న డెబియన్ (లైనక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టం) బగ్ వ్యవస్థలో “మోర్‌ఇన్‌ఫో” అనే ట్యాగ్ ఉంది. వర్డ్ వంటి ఆఫీసు సాఫ్ట్‌వేర్ అయిన లిబ్రెఆఫీస్ బగ్‌జిల్లాలో కొత్త బగ్ “అన్‌కన్ఫర్మ్‌డ్” స్థితిలో మొదలై, మరొకరు తమ యంత్రం మీద అదే తప్పును తిరిగి రప్పించి చూశాకే “న్యూ” అవుతుంది, అంటే అంతవరకూ వంతు పరీక్షించేవారిదని చూడగానే తెలుస్తుంది. ప్రాజెక్టుల కోడ్‌నూ బగ్‌లనూ ఒకేచోట ఉంచే గిట్‌హబ్ అనే వెబ్‌సైటు వచ్చాక ఇదంతా సులువైంది, అందంగా కూడా అయింది. కానీ ఆ అందంలో ఈ స్థితులన్నీ కరిగిపోయి ఓపెన్, క్లోజ్డ్ అనే రెండే మిగిలాయి. మిగిలినవన్నీ ఎవరికి తోచిన లేబుళ్లు వారు తగిలించుకోవడమే.

ఆరు నెలల తర్వాత నా బగ్‌ను ఒక యంత్రం మూసేసింది. కొంతకాలం కదలిక లేకపోతే ముందొక హెచ్చరిక రాసి, ఆపై రెండు వారాలకు మూసేసే బాట్ అది. దాని మీద నాకు కోపం ఉంది, దాచుకోను. కదలిక లేకపోవడం అన్నది ఎవరి వంతు ఆగిపోయిందన్న దాన్ని బట్టి ఉండవలసిన విషయం. బగ్ పెట్టినవాడు జవాబివ్వకపోతే మూయడంలో అర్థముంది. నిర్వాహకుడు చూడలేకపోతే మూయడం మాత్రం, ఆసుపత్రిలో వరసలో కూర్చున్న రోగిని చాలాసేపు కూర్చున్నాడు కాబట్టి తగ్గిపోయి ఉంటుందని ఇంటికి పంపడమే. ఆ బాట్‌కు ఈ రెంటికీ తేడా తెలియదు, ఎందుకంటే దాని కింద ఉన్న ట్రాకర్‌కే తెలియదు. నా విషయంలో జవాబివ్వనిది నేనే కనుక న్యాయంగానే మూసిందనుకోవచ్చు. అయితే దానికి ఆ న్యాయం యాదృచ్ఛికంగా కలిసొచ్చింది.

మూసిన మెయిల్ చూశాకే నాకు పాత ప్రశ్న కనబడింది. సిగ్గుపడి, ఆ ఆదివారం బ్రాడీపేటలో మా ఇంట్లో కూర్చొని ప్యాచ్ నేనే రాశాను. ఆ వర్గంలోంచి 200సినీ, దాని తోబుట్టువైన 200డినీ మినహాయించే రెండు వరుసలు, వాటితో పాటు ఒక పరీక్ష. పరీక్షలో “సాఫ్ట్‌వేర్” అన్న మాట ఇస్తే అదే మాట చెక్కుచెదరకుండా తిరిగి రావాలి, “సాఫ్ట్వేర్” వస్తే తప్పినట్టు.

ఇక్కడ రెండో తమాషా మొదలైంది. అంతకుముందు ఎవరో ఆ పరీక్షల ఫైలులో ఒక తెలుగు మాటను కనబడని అక్షరం లేకుండానే చేర్చి ఉన్నారు, నేను దాన్ని సవరించాను. రివ్యూ పేజీలో ఎర్ర రంగులో పాత వరుస, దాని కింద ఆకుపచ్చ రంగులో కొత్త వరుస. కోడ్ చూడడానికి వాడే ఆ మోనోస్పేస్ ఫాంటులో తెలుగు అక్షరాలే లేవు, బ్రౌజర్ ఎక్కడినుంచో తెచ్చిన మరో ఫాంటు చిన్నగా, ఒత్తులు పక్క వరుసలోకి జారిపోయేలా వాటిని గీసింది. నాకే భూతద్దం కావలసివచ్చింది. రివ్యూ చేసే మనిషి మర్యాదగా, ఈ రెండు వరుసలూ ఒకటే కదా, ఎందుకు మార్చారని అడిగారు. నేను వెంటనే జవాబిచ్చాను, తేడా ఉంది, అది కనబడదు అని. అలా రాశాక ఆ వాక్యం నాకే నవ్వు తెప్పించింది. కనబడని మార్పును నమ్మి చేర్చుకోమని పరాయి మనిషిని అడగడం కన్నా అనుమానాస్పదమైన పని ఓపెన్‌సోర్స్‌లో ఇంకోటి ఉండదు.

ఆయన అనుమానించడం తప్పు కూడా కాదు. 2021 నవంబరులో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఇద్దరు “ట్రోజన్ సోర్స్” అన్న పేరుతో ఒక ప్రమాదాన్ని బయటపెట్టారు. అరబిక్, హీబ్రూ వంటి కుడినుంచి ఎడమకు రాసే లిపుల కోసం ఉన్న దిశ మార్చే అదృశ్య అక్షరాలను కోడ్‌లో ఉంచితే, మనిషి కంటికి ఒక క్రమంలోనూ కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌కు మరో క్రమంలోనూ కనబడే ప్రోగ్రాం రాయవచ్చని వారు చూపారు. ఆ తర్వాత గిట్‌హబ్ వంటి చోట్ల అలాంటి దిశాక్షరాలుంటే పైన ఒక హెచ్చరిక పట్టీ రావడం మొదలైంది. ఇది మంచిదే, కానీ నాకు కావలసింది హెచ్చరిక కాదు. అదృశ్యమైన అక్షరం ఎక్కడ చేరిందో, ఎక్కడ పోయిందో డిఫ్‌లోనే, అంటే పాత, కొత్త వరుసల తేడా చూపే ఆ పేజీలోనే, ఒక చిన్న పెట్టెలో దాని సంఖ్య రాసి చూపించాలి. ఈ అక్షరం మనకు నేరస్థుడు కాదు, రోజూ రాసే మాటలో భాగం. 2018 ఫిబ్రవరిలో “జ్ఞా” అన్న అక్షరానికి సంబంధించిన ఒక వరుస ఐఫోన్లను స్తంభింపజేసిందని వార్తాపత్రికలన్నీ రాశాయి, గుర్తుండే ఉంటుంది. ఆ వరుసలో కూడా ఇదే 200సి ఇరుక్కొని ఉంది. ఆపిల్ ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది. అక్కడ తప్పు ఏ వరుస కోడ్‌లో ఉందో, ఎవరు ఎలా దిద్దారో మనకు కనబడదు, అది వారి గోడల లోపలి సంగతి. మనకు తెలిసిందల్లా ఫోన్ ఆగిందని, అప్‌డేట్ చేస్తే మళ్లీ నడిచిందని.

చివరికి దారి ఆ రివ్యూ చేసిన మనిషే చూపారు. పరీక్షలో అక్షరాన్ని నేరుగా పెట్టకుండా దాని సంఖ్యను ఎస్కేప్ రూపంలో, అంటే కంటికి కనబడే మామూలు గుర్తులతో, రాయమన్నారు. అలా రాస్తే రేపు ఎవరి ఎడిటరైనా తెలియక దాన్ని తుడిచేసినా పట్టుబడుతుంది. నేను వెంటనే మార్చి పంపాను.

పంపాను కానీ ఆయనకు తెలియలేదు. నేను కొత్త కమిట్‌ను (నమోదు చేసిన మార్పును) పాతదాని మీద బలవంతంగా తోశాను, దాంతో ఆయన వ్యాఖ్య “పాతబడినది” అన్న మడతలోకి పోయింది. మళ్లీ రివ్యూ చేయమని అడిగే చిన్న గుండ్రటి బాణం గుర్తు ఒకటి పక్కన ఉంటుంది. దాన్ని నొక్కాలని నాకు అప్పటికి తెలియదు. ఆయన లెక్కలో నేను మార్పులు చేయవలసి ఉంది, నా లెక్కలో ఆయన చూడవలసి ఉంది. మళ్లీ అయిదు నెలలు.

ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ వంటి ప్రాజెక్టులు వాడే గెరిట్ అనే రివ్యూ పనిముట్టులో దీనికి ఒక మందు ఉంది. 2020 చివర వచ్చిన 3.3 వెర్షన్ నుంచి దానిలో “అటెన్షన్ సెట్” అనే ఏర్పాటు చేశారు. ఒక మార్పు మీద ప్రస్తుతం ఎవరు ఏదో ఒకటి చేయవలసి ఉందో వారి పేరు పక్కన ఒక బాణం గుర్తు ఉంటుంది. రివ్యూ చేసేవారు వ్యాఖ్య రాయగానే బాణం వారి దగ్గరనుంచి రాసినవారి దగ్గరికి వెళ్తుంది, రాసినవారు జవాబివ్వగానే తిరిగి వస్తుంది. ఎవరూ ప్రత్యేకంగా ఏ గుర్తూ నొక్కనక్కరలేదు. లైనక్స్ కెర్నెల్ (ఆ ఆపరేటింగ్ సిస్టం మూలభాగం) వంటి, ప్యాచ్‌లు ఈమెయిల్‌లోనే పంపుకునే లోకంలో ఈ పనిని కొంతవరకు ప్యాచ్‌వర్క్ అనే పనిముట్టు చేస్తుంది. వచ్చిన ప్రతి ప్యాచ్ కొత్తదా, చూస్తున్నారా, మార్పులు అడిగారా, మరో వెర్షన్ వచ్చి పాతదైపోయిందా అని ఒక పట్టికలో ఉంచుతుంది. ఆ పట్టికలో గడులు మార్చడం చాలావరకు నిర్వాహకుల చేతిపనే కావడం దాని లోపం. నాకు గెరిట్ ముఖం నచ్చదు, కొత్తవాడిని భయపెట్టేలా ఉంటుంది. అయినా ఆ ఒక్క బాణం కోసం దానికి నమస్కారం పెడతాను.

వెర్షన్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ప్రెస్సులో రెండో ప్రూఫు వచ్చినప్పుడు ప్రూఫ్ రీడరు పదహారు పేజీల ఫారం మళ్లీ మొదటినుంచి చదవరు. మొదటి ప్రూఫు పక్కన పెట్టుకొని, తాము గుర్తు పెట్టిన చోట్ల దిద్దారా లేదా, దిద్దేటప్పుడు ఆ వరుసలో కొత్త తప్పు ఏమైనా దొర్లిందా అన్నవే చూస్తారు. దిద్దుబాటులో దొర్లే తప్పే అసలు తప్పు కన్నా ఎక్కువ ఇబ్బంది అని ఆ పెద్దాయన అంటుంటారు. ప్యాచ్ రివ్యూలో ఇదే పని చేయడానికి, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో “రేంజ్ డిఫ్” అనే ఆజ్ఞ 2018లో 2.19 వెర్షన్‌తో వచ్చింది. పాత ప్యాచ్‌ల వరుసకూ కొత్త వరుసకూ మధ్య ఏం మారిందో, అంటే తేడాల మధ్య తేడాను, అది చూపిస్తుంది. గెరిట్ ప్రతి వెర్షన్‌ను ప్యాచ్ సెట్ అంటూ విడిగా దాచి ఏ రెంటినైనా పోల్చి చూపుతుంది. కెర్నెల్ వారు రెండో వెర్షన్ పంపేటప్పుడు మూడు గీతల కింద “మొదటిదాని తర్వాత ఏం మార్చాను” అని తామే రాయాలన్న ఆచారం పెట్టుకున్నారు. ఆ చిన్న గమనిక నేను రాసి ఉంటే అయిదు నెలలు కాకుండా అయిదు రోజుల్లో తేలిపోయేది. పుల్ రిక్వెస్టులతో (నా మార్పును చేర్చుకోండన్న అభ్యర్థనలతో) నడిచే వేదికలు ఈ మొదటి ప్రూఫు, రెండో ప్రూఫుల పోలికను పేజీ మధ్యకు తేవాలి. ఇప్పుడు అది ఎక్కడో మెనూ లోపల, తెలిసినవాడికి మాత్రమే దొరికేలా ఉంది.

కనబడకపోవడం గురించి మాట్లాడుతూ ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్ సంగతి వదిలేయలేను. 2024 మార్చి 29న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్, తన యంత్రంలో దూరం నుంచి కంప్యూటర్‌లోకి ప్రవేశించే ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కు ఉండవలసిన దానికన్నా అర సెకను ఎక్కువ పడుతోందన్న అనుమానంతో తవ్వి, ఎక్స్‌జెడ్ యుటిల్స్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ దారి దాగి ఉందని బయటపెట్టారు. దాని నిర్మాణం చూస్తే రివ్యూ పనిముట్లకు అది ఒక పరీక్షా పత్రం. హానికర భాగం పరీక్షల కోసమని పెట్టిన బైనరీ (మనిషి చదవలేని) ఫైళ్లలో ఉంది. బైనరీ ఫైలు మారితే డిఫ్ ఏమీ చూపదు, మారిందని మాత్రం చెబుతుంది. దాన్ని మేల్కొలిపే స్క్రిప్టు గిట్ రిపాజిటరీలో (అందరూ చూసే కోడ్ భాండారంలో) లేదు, విడుదల కోసం మూటకట్టిన టార్ ఫైలులో మాత్రమే ఉంది. అంటే రిపాజిటరీని ఎంత శ్రద్ధగా చదివినా అది దొరకదు. ఇక ఆ ప్రాజెక్టును ఏళ్లుగా ఒంటరిగా మోస్తున్న నిర్వాహకుడి మీద, ప్యాచ్‌లు చూడడంలో ఆలస్యమవుతోందంటూ ముందే కొందరు ఒత్తిడి తెచ్చారు, సాయం చేస్తానన్న నెపంతో దాడి చేసిన వ్యక్తి లోపలికి వచ్చారు. ఆలస్యం ఎవరిదన్నది మాత్రమే చూపి, ఆ మనిషి మీద ఎంత బరువు ఉందన్నది చూపని ట్రాకర్ ఇలాంటి ఒత్తిడికే తోడ్పడుతుంది. అందుకే వంతు చూపించమని నేనడిగేది నిలదీయడానికి కాదు. ఒకరి పేరు మీద నాలుగు వందల బాణాలు పోగుపడి ఉంటే అది ఆ మనిషి నేరం కాదని, అక్కడ మరొకరు కావాలని అందరికీ తెలియాలి.

మరొకరు అంటే కోడ్ రాసేవారే కానక్కరలేదు. గుంటూరు మిర్చి యార్డుకు వచ్చే సరుకులో తేజ, 334 వంటి రకాలు వేరు, తాలు కాయ వేరు. తెల్లబడిన తాలును కూర్చొని ఏరేవారు లేకపోతే మంచి టిక్కీకి (బస్తాకు) కూడా ధర పడిపోతుంది. బగ్ ట్రాకర్‌లో తాలు ఏరే పని చేసేవారు, అంటే వచ్చినదాన్ని తమ యంత్రం మీద పరీక్షించి, ఇంతకుముందే ఉన్నదైతే దానికి కలిపి, వివరాలు చాలకపోతే అడిగి తెచ్చేవారు, ఏ ప్రాజెక్టులోనూ సరిపడా ఉండరు. ఆ పనికి ఎక్కడా పేరు కూడా రాదు, ఎందుకంటే గణాంకాల పేజీ కమిట్లను లెక్కపెడుతుంది కానీ ఏరిన తాలును లెక్కపెట్టదు. పోయినేడాది గుంటూరు దగ్గరి ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మాట్లాడడానికి పిలిస్తే వెళ్లాను. ఓపెన్‌సోర్స్‌లో ఎన్ని పుల్ రిక్వెస్టులు పంపితే రెజ్యూమెలో బాగుంటుందన్నదే పిల్లల మొదటి ప్రశ్న. వాళ్లను ఏమనగలం? ఏటా అక్టోబరులో జరిగే హాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్‌సోర్స్ పండగలో, 2020లో, బహుమతిగా ఇచ్చే టీ షర్టు కోసం రీడ్‌మీ (పరిచయ) ఫైళ్లలో ఒక్కో మాట మార్చి పంపిన పుల్ రిక్వెస్టుల వరద చూసి, ఇష్టపడి పేరిచ్చిన ప్రాజెక్టులకే దాన్ని పరిమితం చేయవలసి వచ్చింది. ఇప్పుడు ఏఐ భాషా నమూనాలు రాసిపెట్టే బగ్ నివేదికలు తోడయ్యాయి. ఇంటర్నెట్‌లో సమాచారం బదిలీ చేసే కర్ల్ అనే పనిముట్టు నిర్వాహకుడు డేనియల్ స్టెన్‌బర్గ్ 2024 జనవరిలోనే దీని గురించి విసుక్కున్నారు. పాత చెత్త నివేదిక చూడగానే చెత్తని తెలిసేది, ఈ కొత్తది చక్కని భాషలో ఉండి, తప్పని తేల్చడానికి గంటలు తినేస్తుంది. తాలుకు ఎర్ర రంగు వేసి పంపడం లాంటిది ఇది. ఆ పిల్లలకు నేను ఒకటే పని ఇచ్చి వచ్చాను, తెలుగుకు సంబంధించిన పాత బగ్ ఒకటి తీసుకొని, కొత్త వెర్షన్‌లో అది ఇంకా ఉందో లేదో చూసి రాయమని. ఇద్దరు రాశారు. రెండిట్లో ఒకటి ఎప్పుడో సరైపోయి, మూసేవాళ్లు లేక పడి ఉంది.

పాత బగ్‌లు అన్నాను కదా, అవి దొరకడం కూడా ఒక అదృష్టమే. ట్రాకర్లు మారుతుంటాయి. వికీపీడియాను నడిపే వికీమీడియా 2014 నవంబరులో బగ్‌జిల్లా నుంచి ఫాబ్రికేటర్ అనే మరో ట్రాకర్‌కు మారినప్పుడు పాత బగ్ సంఖ్యకు 2000 కలిపితే కొత్త సంఖ్య వచ్చేలా చేశారు. దాంతో పదేళ్ల కిందటి కమిట్ సందేశంలోని సంఖ్య పట్టుకొని ఈ రోజు కూడా వెళ్లగలం. ఇంత చిన్న కూడిక వెనక ఎంత ముందుచూపు ఉందో ఆలోచిస్తే ముచ్చటేస్తుంది. ఆ ఫాబ్రికేటర్ అసలు అభివృద్ధి 2021 జూన్‌లో ఆగిపోయింది. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష తన బగ్‌లను 2022 ఏప్రిల్‌లో గిట్‌హబ్‌కు తరలించి, పాత స్థలాన్ని చదువుకోవడానికి మాత్రం ఉంచింది. లిబ్రెఆఫీస్‌లో కమిట్ సందేశం మొదట్లో బగ్ సంఖ్య రాస్తే చాలు, ఏ మార్పు చేరిందో, ఏ వెర్షన్‌లో దొరుకుతుందో ఒక బాట్ వెళ్లి ఆ బగ్ కింద రాసి వస్తుంది. బగ్ పెట్టిన మామూలు మనిషికి కావలసిన ముక్క ఆ వెర్షన్ సంఖ్యే. నా ప్రాజెక్టులో అది లేదు.

అయిదు నెలల తర్వాత నేనే ధైర్యం చేసి, చూడడానికి వీలైందా అని ఒక వరుస రాశాను. రెండు గంటల్లో జవాబు వచ్చింది. మీరు ఇంకా మార్చలేదనుకున్నాను, క్షమించండి అని రాసి, పరీక్షలు నడిపి, అదే రాత్రి చేర్చుకున్నారు. బగ్ పేజీ మీద ఊదారంగులో “క్లోజ్డ్” అని పడింది. నేను ప్రెస్సుకు ఫోన్ చేసి, సరైపోయిందండీ అని గర్వంగా చెప్పాను.

పెద్దాయన మర్నాడు ఒక ఫైలు వేసి చూసి, అలాగే వస్తోందండీ అన్నారు. నిజమే. ఆ ప్రెస్సు కంప్యూటర్‌లో ఉన్నది డెబియన్ స్టేబుల్, అంటే నిలకడ కోసం పాత వెర్షన్లనే ఉంచే విడుదల. ఆ సవరణ తర్వాత ప్రాజెక్టు కొత్త వెర్షన్ విడుదల చేయాలి, అది డెబియన్‌లోకి చేరాలి, ఆపైన రెండేళ్లకోసారి వచ్చే తర్వాతి స్టేబుల్‌లో ఉండాలి. ఇదంతా నేను ఫోన్‌లో వివరిస్తుంటే ఆయన ఓపికగా విని, “మరి మూశారన్నారుగా?” అని అడిగారు. ఈలోగా ఆయన పొల్లు తెగిన మాటలన్నీ ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టుకొని, ప్రతి పుస్తకానికీ వెతికి మార్చే ఒక మాక్రో చేయించుకున్నారు. జాబితాలో నూట పన్నెండు మాటలున్నాయి. ఆయన దాన్ని ఇంకా వాడుతూనే ఉన్నారు.